మూపురం పుండు: కాడి దెబ్బ కాదు, క్రిమి వ్యాధి

వానాకాలం రాగానే కొన్ని ఆవులకు, ఎద్దులకు మూపురంపై పుండు లేస్తుంది. కాడి ఒరుసుకొన్నదని తలచి రైతు పసుపో, నూనెయో రాసి ఊరుకుంటాడు. చలికాలంలో అది కొంత ఎండి, మరుసటి వానలకు మరింత పెద్దదై తిరిగి లేస్తుంది. ఇట్లు ఏటేటా వచ్చే పుండును మామూలు గాయంగా భావించరాదు.

కారణం: దీనికి మూలం స్టెఫనోఫైలేరియా అస్సామెన్సిస్ అనే దారం వంటి క్రిమి. పొడవు కొన్ని మిల్లీమీటర్లే. దీనిని 1936లో అస్సాంలో గుర్తించి వర్ణించారు. ఒడిశా, ఆంధ్ర తీర ప్రాంతాలలో కూడా ఈ వ్యాధి కలదు. పేడలో పెరిగే ఒక జాతి ఈగ పుండుపై వాలి, పిల్ల క్రిములను రసితోపాటు పీల్చుకొంటుంది. సుమారు మూడు వారాలలో అవి ఈగలో ఎదిగి, మరొక పశువు చర్మానికి చేరుతాయి.

గుర్తించుట: మొదట చిన్న పొక్కులు, విపరీతమైన దురద. పశువు గోడకు, చెట్టుకు రాచుకొంటుంది. తరువాత రసి కారి, పక్కు కట్టి, చర్మం మందమవుతుంది. కాడి పుండు కాడి ఆనిన చోటనే పుట్టి, పని మాన్పిస్తే మానుతుంది. కాడి ఎరుగని పాడి ఆవుకు మూపురంపై పుండు లేస్తే వెంటనే అనుమానించవలెను. కంటితో చూసి నిర్ధారించరాదు. పశువైద్యుడు పక్కు తీసి, చర్మాన్ని లోతుగా గీకి, ఆ పొట్టును సెలైన్‌లో ఉంచి సూక్ష్మదర్శిని క్రింద చూస్తే క్రిములు కనిపిస్తాయి.

చికిత్స: పుండు చిన్నదిగా ఉన్నపుడే ఫలితం బాగుంటుంది. ఐవర్‌మెక్టిన్ ఇంజక్షను, క్రిములను చంపే పైపూత మందు వైద్యుని సలహాపై వాడవలెను. పంటలకు చల్లే పురుగుమందులను పుండుపై పోయరాదు. అవి చర్మం గుండా లోనికి ఇంకి పశువు ప్రాణానికే ముప్పు తెస్తాయి.

పాలు: ఐవర్‌మెక్టిన్ పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. ఒక్క ఇంటి పాలు కలిస్తే క్యాను మొత్తం చెడినట్లే. పాలిచ్చే పశువుకు ఏ మందు వాడాలో, ఎన్ని రోజులు పాలు పోయరాదో వైద్యుని ముందే అడిగి, సంఘ కార్యదర్శికి తెలుపవలెను. ఆ గడువు తీరేవరకు ఆ పాలు ఇంట్లో కూడా వాడరాదు.

నివారణ: పేడను కొట్టానికి దూరంగా గుంటలో వేసి కప్పవలెను. పుండు చుట్టూ వేపనూనె రాస్తే ఈగలు వాలుట తగ్గుతుంది.

తొలకరికి ముందే ప్రతి సంఘ కార్యదర్శి నిరుడు ఇట్టి పుండు లేచిన పశువుల జాబితా వ్రాసి పశువైద్యునికి అందజేయవలెను. ఒక్క పశువుకు చికిత్స చేసి, ప్రక్క కొట్టంలో పుండును వదిలివేస్తే ఈగలు దానిని తిరిగి తెస్తాయి.