అక్కి వచ్చింది సరే, ఎందుకొచ్చింది?

అక్కి వస్తే కుమ్మరి ఇంటికి పోయి జాజుతో రాయించుకోవటం పల్లెల్లో పాత ఆచారం. నోరు పూస్తే వేడి చేసిందంటారు. చాలామందికి ఈ రెండూ కొద్దివారాల్లో తగ్గిపోతాయి. కానీ పాతికేళ్ల కుర్రాడికి అక్కి వచ్చి, ఆ వెనుకే నోటిలో తెల్లపూత దిగితే తేలిగ్గా తీసుకోరాదు. అతడు మత్తు సూదులకు అలవాటుపడినవాడైతే మరీను.

మణిపూర్‌లో ఇదంతా జరిగింది. బర్మా సరిహద్దు దాటి వచ్చే హెరాయిన్‌కు అక్కడి యువకులు పెట్టిన పేరు 'నంబర్ ఫోర్'. నలుగురూ ఒకే సూది పంచుకొనేవారు. 1989 సెప్టెంబరు దాకా వారి రక్తంలో హెచ్.ఐ.వి. కనిపించలేదు. ఆరు నెలలు తిరిగేసరికి పరీక్షించిన వారిలో సుమారు సగం మందికి ఉన్నట్లు తేలింది.

సూది గుచ్చిన చోట చీముగడ్డ లేస్తే దానికి హెచ్.ఐ.వి.తో పనిలేదు, మురికి సూదే చాలు. హెచ్.ఐ.వి. వలన ఒంట్లో రోగాన్ని తట్టుకొనే శక్తి తగ్గినప్పుడు కనిపించే గుర్తులు వేరు. నాలుక మీద, అంగిట్లో పెరుగు తరకల వంటి పూత వస్తుంది. గీకితే ఊడి, కింద ఎర్రగా ఉంటుంది. గొంతులోకి దిగితే మెతుకు మింగటమే కష్టం. కాళ్లూ చేతుల మీద దురదపొక్కులు లేస్తాయి. దోమకాట్లని అనుకొని నెలల తరబడి గోకుతూ ఉంటారు.

1999లో మణిపూర్ రోగులలో మరో వ్యాధిని వైద్యులు ప్రకటించారు. వెదురు ఎలుకలలో ఉండే ఒక రకం బూజు మనుషులకూ సోకుతుంది. ముఖాన నడుమ గుంటపడిన పొక్కులు, విడవని జ్వరం, మనిషి చిక్కిపోవటం. దీన్ని ఉత్త చర్మవ్యాధిగా ఎంచి పూతమందుతో సరిపెడితే ప్రాణం మీదికి వస్తుంది.

హెచ్.ఐ.వి. మందులు 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. 2017 నుంచి వ్యాధి తేలిన వెంటనే మొదలుపెడుతున్నారు. శక్తి పుంజుకొన్నకొద్దీ నోటిపూత, దురద తగ్గుముఖం పడతాయి. తొలి నెలల్లో కొందరికి అక్కి కొత్తగా రావచ్చు. మందు పడలేదని మానటమే అసలు ముప్పు. డాక్టరుకు చూపాలి.

మత్తుకు అలవాటుపడినవాడని చులకన చేస్తారనీ, ఊరందరికీ తెలుస్తుందనీ దాచిపెట్టే ఇళ్లే ఎక్కువ. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం రోగి సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు, ఫలితం బయటపెట్టరాదు, వైద్యం నిరాకరించరాదు. సూది మానలేనివారికి నాలుక కింద పెట్టుకొనే బ్యూప్రినార్ఫిన్ మాత్రలు ప్రభుత్వ కేంద్రాలలో ఇస్తారు. వివరాలకు 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.