ఫోన్ ఎత్తేవారికీ ముందస్తు పెన్షన్ దక్కాలి

అమెరికాలో ఏ ఆపద వచ్చినా జనం నొక్కే నంబరు 911. 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్‌లో తొలి కాల్‌తో మొదలైన ఈ ఏర్పాటుకు ఆయువుపట్టు ఫోన్ ఎత్తే డిస్పాచర్. భర్త గుండె ఆగి పడిపోయాడని ఒక ఇల్లాలు అరుస్తుంటే, డిస్పాచర్ ఆమె మాట వింటూనే తెరమీద చిరునామా పట్టుకోవాలి, అంబులెన్సును పంపాలి, రొమ్ము నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కమని చెప్పి, ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అని ఆమెతోపాటు లెక్కపెట్టాలి. సాయం తలుపు దగ్గరికి రాగానే లైన్ కట్. ఆ మనిషి బతికాడో లేదో చాలాసార్లు తెలియదు. ఈలోగా ఇంకో కాల్ మోగుతుంది.

ఇంత చేసినా ఫెడరల్ వృత్తుల వర్గీకరణ వీరిని సెక్రటరీలు, గుమాస్తాల వరసలో కూర్చోబెట్టింది. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది ఉన్న రక్షణ వర్గంలో పార్కింగ్ జరిమానాలు రాసేవారికీ, కాసినోల్లో కెమెరాలు చూసేవారికీ చోటుంది, వీరికి లేదు. నిజమే, పెన్షన్‌ను తేల్చేది ఈ పట్టిక కాదు, రాష్ట్రాలూ నగరాలూ. కానీ చాలాచోట్ల అక్కడా ఇదే చూపు: పోలీసులు ముందుగా రిటైరయ్యే పథకంలో ఉంటే, డిస్పాచర్లు మామూలు ఉద్యోగుల పథకంలో ఉంటారు.

‘వాళ్లు గదిలో కూర్చునేవాళ్లే కదా, తూటా తగలదు, మంట అంటదు’ అనేది డిస్పాచర్లకూ ముందస్తు పెన్షన్ ఇవ్వాలన్న మాటకు మొదటి అభ్యంతరం. ఆ మాట కాదనలేం. అయితే ముందస్తు పెన్షన్ వెనుక ప్రాణాపాయం ఒక్కటే లేదు. వయసుతో చురుకు తగ్గిన మనిషిని అలాంటి కొలువులో ఉంచితే నష్టపోయేది ప్రజలే అన్న లెక్క కూడా ఉంది. అది డిస్పాచర్‌కూ వర్తిస్తుంది. మనసుకు తగిలే దెబ్బ సంగతికొస్తే, నార్తర్న్ ఇల్లినాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు 24 రాష్ట్రాల్లోని 171 మంది డిస్పాచర్లపై చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో 3.5 శాతం మందికి పీటీఎస్‌డీగా (ఆఘాతం తర్వాత పీడించే మానసిక రుగ్మతగా) నిర్ధారించదగినంత తీవ్ర లక్షణాలు కనిపించాయి. అంకె చిన్నదే అనిపించవచ్చు. కానీ వీరు ఘటనా స్థలంలో అడుగైనా పెట్టనివారు, జరిగింది చెవులతో విన్నవారు మాత్రమే.

రెండో అభ్యంతరం ఖర్చు, ఇది బరువైనదే. ముందే పెన్షన్ ఇవ్వాలంటే ప్రభుత్వమూ ఉద్యోగీ ఎక్కువ జమ కట్టాలి. కానీ శిక్షణ పొందినవారు మధ్యలోనే మానేస్తే కొత్తవారికి మళ్లీ శిక్షణ ఇవ్వాలి, ఉన్నవారిచేత ఓవర్‌టైం చేయించాలి. అది ఖర్చు కాదా? పోలీసుతో సరిసమానంగా ఇవ్వలేకపోతే నడిమి మెట్టు ఒకటి వేయవచ్చు. ఆరెగాన్ శాసనసభ 2024లో ‘ప్రమాదకర ఉద్యోగం’ అనే పెన్షన్ వర్గాన్ని ఏర్పరచి డిస్పాచర్లను అందులో చేర్చింది. మిగతా రాష్ట్రాల్లో ఓటు హక్కున్న తెలుగువారు తమ శాసనసభ్యులను ఈ ఒక్క ప్రశ్న అడగాలి: మన దగ్గర ఎప్పుడు?