డల్లాస్‌లో గంట మారితే బాగేపల్లి ఫోన్‌కి ఎలా తెలుస్తుంది?

బాగేపల్లిలో రాత్రి 8 గంటలు. డల్లాస్‌లో ఉన్న పిన్నికి ఫోన్ చేయాలి. జనవరిలో అయితే అక్కడ పొద్దున 8:30, జూన్‌లో అయితే 9:30. మన గడియారం కదల్లేదు, వాళ్లదే కదిలింది. మార్చి రెండో ఆదివారం అక్కడ గంట ముందుకు తిప్పుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి.

ఇది ఫోన్‌కి ఎవరు చెప్పారు? దాని కడుపులో ఒక పట్టిక ఉంది. దాన్ని 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే ఆయన మొదలుపెట్టారు. ఏ ప్రాంతం ఎప్పుడు ఏ టైం పాటించిందో అందులో రాసి ఉంటుంది. మన వరస పేరు ‘ఏషియా/కోల్‌కతా’. అందులో పాత మార్పులూ ఉన్నాయి: రెండో ప్రపంచ యుద్ధంలో మన గడియారాలనూ గంట ముందుకు జరిపారు.

మరి మాటిమాటికీ అప్‌డేట్ ఎందుకు? ప్రభుత్వాలు మనసు మార్చుకుంటాయి కాబట్టి. 2022లో మెక్సికో చాలాచోట్ల గంట తిప్పడం మానేసింది, 2023లో ఈజిప్టు మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు పట్టికలో ఒకటి రెండు వరసలు దిద్ది కొత్తది విడుదల చేస్తారు. అది అప్‌డేట్‌తో ఫోన్‌లోకి దిగుతుంది. దిగకపోతే, కైరోలో ఉన్నవాళ్లకి చిక్కబళ్లాపురం నుంచి ఫోన్ చేసేవాడు గంట తేడాతో నిద్ర లేపుతాడు.