జిగురు వదిలిన అయస్కాంతం

పార్సిల్‌లో కొత్త సబ్‌వూఫర్ వచ్చింది. పెట్టె మీద గీత లేదు, కోన్ ఎక్కడా చిరగలేదు. కానీ పాట పెడితే బేస్ రావడం లేదు, గరగరమంటోంది. ఇలాంటప్పుడు అనుమానించాల్సిన వాటిలో మొదటిది స్పీకర్ వెనక ఉండే మోటారు.

అయస్కాంతం, దానికి అటూ ఇటూ అతికించిన ఇనుప పలకలు, మధ్యలో నిలబడ్డ ఇనుప స్తంభం - ఇవన్నీ కలిసిందే ఈ మోటారు. స్తంభానికీ పై పలకకీ నడుమ గుండ్రటి సన్నని సందు ఉంటుంది. కోన్‌కు అంటించిన రాగి తీగ కాయిల్ ఆ సందులోనే ముందుకీ వెనక్కీ ఆడుతుంది. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు రూపొందించిన ఈ పద్ధతే నేటికీ నడుస్తోంది. కాయిల్‌కు ఇరుపక్కలా మిగిలే ఖాళీ చాలా స్పీకర్లలో అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది.

ఇంత సూక్ష్మమైన అమరికను చాలా స్పీకర్లలో పట్టి ఉంచేది జిగురే. వీటిలో వాడే ఫెర్రైట్ అయస్కాంతం ఇనుప ఆక్సైడ్ పొడిలో స్ట్రాన్షియం లేదా బేరియం సమ్మేళనం కలిపి కాల్చిన పింగాణీ లాంటి పదార్థం. గట్టిదే గానీ పెళుసు. మరలు బిగించడానికి లొంగదు కాబట్టి ఎపాక్సీతో అతికిస్తారు.

ఆ అతుకుకు పెద్ద శత్రువు కింద పడటం. మీటరు ఎత్తు నుంచి పడ్డ పెట్టె నేలను తాకాక ఒక సెంటీమీటరులో ఆగిపోయిందనుకుందాం. అప్పుడు లోపలి భాగాల మీద పడే బలం వాటి బరువుకు సుమారు 100 రెట్లు. నాలుగు కిలోల అయస్కాంతమైతే జిగురు ఆ క్షణంలో నాలుగు వందల కిలోల బరువును ఆపాలి. పెట్టె పక్కకు ఒరిగి పడితే ఆ బలం అయస్కాంతాన్ని పక్కకు తోస్తుంది.

వేడి రెండో కారణం. స్పీకర్‌కు అందే విద్యుత్తులో శబ్దంగా మారేది ఒక శాతం అటూ ఇటూ, మిగతాదంతా వేడే. గంటల తరబడి మోగితే ఆ వేడికి జిగురు పట్టు సడలుతుంది. ఊరేగింపు లారీల మీది డీజే బాక్సులకు వేడితోపాటు గతుకుల కుదుపులు కూడా తప్పవు. నూనె జిడ్డు తుడవకుండా అతికించడం వంటి తయారీ లోపాలు మూడో కారణం.

జిగురు వదిలాక మిగతా పని అయస్కాంతమే పూర్తి చేస్తుంది. స్తంభం సరిగ్గా నడుమ ఉన్నంతసేపు అన్ని వైపుల ఆకర్షణా సమానం. వెంట్రుకవాసి జరిగిందా, దగ్గరైన వైపు లాగుడు పెరుగుతుంది. జరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. చివరికి ఒకవైపు సందు మూసుకుపోయి కాయిల్ ఇరుక్కుంటుంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. రెండు చేతుల వేళ్లనూ కోన్ మీద ఎదురెదురుగా ఆనించి, సమానంగా, మెల్లగా నొక్కండి. ఒకవైపే నొక్కితే మంచి స్పీకర్ కూడా రాసుకుంటుంది. గీరుకుంటున్న చప్పుడు వచ్చినా, కోన్ కదలకుండా బిగుసుకుపోయినా అనుమానించాల్సిందే. వెనక రబ్బరు తొడుగు ఉంటే తీసి చూడండి. పలక అంచు అయస్కాంతానికి ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా కనిపిస్తే అనుమానం బలపడినట్టే. మల్టీమీటరును మాత్రం నమ్ముకోకండి. ఇరుక్కున్న కాయిల్ తెగకపోతే రీడింగు మామూలుగానే వస్తుంది. మాడిన వాసన వస్తే అసలు లోపం కాయిల్‌దే కావచ్చు, ఉబ్బిన కాయిల్ కూడా ఇలాగే రాసుకుంటుంది.

రాసుకుంటున్న స్పీకర్‌ను అలాగే మోగిస్తే తీగ మీది పూత ఊడి షార్ట్ అవుతుంది, ఆంప్లిఫయర్‌కూ ముప్పు. సుత్తితో కొట్టి సర్దబోతే అయస్కాంతం పగులుతుంది, వేళ్లు నలుగుతాయి. సరైన మరమ్మతుకు అయస్కాంత శక్తిని తీసేసి, భాగాలు విప్పి, నడుమకు అమర్చి, కొత్త జిగురుతో అతికించి, మళ్లీ యంత్రంలో అయస్కాంతీకరించాలి. ఆ యంత్రం అన్ని దుకాణాల్లో ఉండదు, చవక స్పీకర్‌కు అంత ఖర్చూ దండగ.

అందుకే కోన్, కాయిల్ మార్పించే ముందు మోటారులో స్తంభం నడుమనే ఉందో లేదో మెకానిక్‌తో చూపించండి. జరిగిన మోటారులో కొత్త కాయిల్ వేస్తే మొదటి రోజే రాసుకుంటుంది. పార్సిల్‌లో వచ్చినదైతే వైర్లు కలపకముందే కోన్ నొక్కి చూడండి, తేడా ఉంటే మోగించకుండా తిప్పి పంపండి.