నవ్వించు పోలీసు, నవ్వని తమ్ముడు

సినిమా చూచి వచ్చిన పిల్లవాడు ఇల్లు చేరగానే, తాను చూచినదానిని ఆడి చూపును. తండ్రి బెల్టును చేతబట్టును. చొక్కా కాలరునకు వెనుకవైపున నల్లకళ్లద్దములు తగిలించుకొనును. తమ్ముని దొంగను జేసి, గోడకు నిలువబెట్టి, తెరమీది పోలీసువలె గద్దించును. ఇంటిల్లిపాదియు నవ్వుదురు. తమ్ముడు మాత్రము నవ్వడు. ఈ దృశ్యమును మేము పెక్కు ఇండ్లలోను, మన పాఠశాల మధ్యాహ్న విరామమునందును చూచితిమి. ఆ నవ్వు ఎక్కడినుండి వచ్చుచున్నదో, ఆ తమ్ముడేల నవ్వకున్నాడో తలిదండ్రులతో కలిసి యోచించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చిన్న పట్టణపు పోలీసు అధికారిని నాయకునిగా నిలిపి, కొట్లాటను హాస్యమును జోడించిన చిత్రములలో మిక్కిలి పేరొందినది 'దబంగ్'. హిందీలో ఇది 2010 సెప్టెంబరు 10వ తేదీన విడుదలయ్యెను. అభినవ్ కశ్యప్ దర్శకుడు. సల్మాన్ ఖాన్ నాయకుడు. కథ ఉత్తరప్రదేశమందలి లాల్‌గంజ్ అను ఊరిలో నడచును. నాయకుడు దొంగలను పట్టును. వారు దోచిన సొమ్మును తాను ఉంచుకొనును. సవతి తండ్రితోను, తమ్మునితోను కలహించును. చివరకు దుర్మార్గుడైన స్థానిక రాజకీయ నాయకుని మట్టుపెట్టును. ఇదే కథ 2011లో తమిళమున 'ఒస్తి'గను, 2012 మే 11న తెలుగులో 'గబ్బర్ సింగ్'గను వచ్చెను. తెలుగు చిత్రమునకు హరీష్ శంకర్ దర్శకుడు. పవన్ కల్యాణ్ నాయకుడు. తమిళనాట తరతరములుగా నివసించు మనవంటివారి ఇండ్లలో ఒకే కథను మూడు భాషలలో చూచిన పిల్లలు గలరు. కనుక ప్రేక్షకుని నవ్వును పరిశీలించుటకు ఇంతకంటె అనువైన ఉదాహరణము దొరకదు.

తెలుగు కథ జరుగు ఊరి పేరు కొండవీడు. రెడ్డిరాజుల రాజధానిగా, శ్రీనాథ మహాకవి విద్యాధికారిగా వెలసిన స్థానముగా పెద్దలు ఎరిగిన పేరది. మన పిల్లలలో పలువురకు ఆ పేరు ఈ చిత్రమువలననే తొలిసారి తెలిసినది. అది చిత్రము తప్పు కాదు. మనము చెప్పకపోవుటయే తప్పు.

నాయకుని మారుపేరునకును ఒక చరిత్ర కలదు. గబ్బర్ సింగ్ 1975లో వచ్చిన 'షోలే' చిత్రమునందలి బందిపోటు. మనకు పొరుగుననున్న కర్ణాటకమందలి రామనగరము రాతిగుట్టలలో ఆ చిత్రమును తీసిరి. అమ్జాద్ ఖాన్ ధరించిన ఆ పాత్ర క్రూరత్వమునకు మారుపేరు. అయినను ప్రేక్షకులకు ఆతని మాటలపై మక్కువ కలిగెను. ఆ సంభాషణల గ్రామఫోను రికార్డులు విరివిగా అమ్ముడుపోయెను. బిస్కత్తుల ప్రకటనలో సైతము ఆ పాత్రయే కనబడెను. ముప్పదియేడేండ్ల పిమ్మట ఆ బందిపోటు పేరు పోలీసు అధికారికి బిరుదయ్యెను. భయపెట్టిన పేరు ముచ్చటైన పేరుగా మారుటకు ప్రేక్షకుని నవ్వు ఒక్కటే చాలినది.

నవ్వునుగూర్చి మన పూర్వులు శ్రద్ధగా ఆలోచించిరి. భరతముని నాట్యశాస్త్రమునందు హాస్యమును ఆరు విధములుగా విభజించెను: స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము. పలువరుస కానరాని చిరునవ్వు స్మితము. అది ఉత్తములది. సమయముకాని సమయమున, కన్నీరు కారునట్లు, భుజములు తల అదరునట్లు నవ్వుట అపహసితము. వికృతమైన వేషము, వికృతమైన మాట, తగని చేష్ట హాస్యమునకు కారణములని కూడ ఆతడు చెప్పెను. పోలీసు దుస్తులలోనున్నవాడు గంభీరుడై యుండవలెనని మన యెరుక. వాడు పాటకు అడుగులు వేసినచో, కొట్లాట నడుమ పరిహాసమాడినచో, ఆ యెరుక తలక్రిందులగును; నవ్వు పుట్టును.

'గబ్బర్ సింగ్' చిత్రమున థియేటర్లను దద్దరిల్లజేసిన అంత్యాక్షరి ఘట్టమును ఇందుకు ఉదాహరణముగా గ్రహింపవచ్చును. ఊరిని హడలగొట్టవలసిన రౌడీలను నాయకుడు వరుసగా కూర్చుండబెట్టి పాటలు పాడించును. వారు పాత సినిమా పాటలు పాడి, పాత నటులవలె అభినయింతురు. అచ్చట నవ్వునకు ప్రధాన కారణము దెబ్బ కాదు; భయంకరులు బడిపిల్లలవలె అయిపోవుట. ఇట్టి నవ్వులో విషము తక్కువ.

మరియొక కారణము కూడ కలదు. సామాన్యునికి పోలీసు ఠాణా గుమ్మము ఎక్కుటయే జంకు. ఫిర్యాదు చెప్పుకొనబోయినవాడు సైతము చేతులు కట్టుకొని నిలబడును. ఆ జంకు చీకటి థియేటరులో రెండుగంటలపాటు తీరును. తెరమీది అధికారి బలహీనుని పక్షమున నిలిచి, బలవంతుని చెంపపై కొట్టును. న్యాయస్థానములలో ఏండ్లతరబడి నలుగు వ్యాజ్యము అచ్చట నిమిషములో తేలును. ఈలలు, విసరు కాగితపు ముక్కలు, కేకలు, ఇవి యన్నియు ఆ ఊరటకు గుర్తులు. ఈ ఊరటను మేము హేళన చేయము. అది నిజముగ అణగియున్న బాధనుండి పుట్టినది.

అయితే భరతుడు మరియొక మాట కూడ చెప్పెను. శృంగారమునుండి హాస్యము, రౌద్రమునుండి కరుణము పుట్టునని ఆతని సిద్ధాంతము. ఒకడు మరియొకనిని కొట్టుట రౌద్రము. దానివెంట సహజముగ రావలసినది దెబ్బతిన్నవానిపై జాలి. ఈ చిత్రములు ఆ జాలిని రానీయవు. అందుకు ఉపాయములు నాలుగు. దెబ్బతిను వానిని ముందే పరమ దుర్మార్గునిగా చూపుదురు. వాని నొప్పిని చూపక, వాడు గాలిలో గిరికీలు కొట్టుటను చూపుదురు. దెబ్బ పడినవెంటనే నాయకునిచేత ప్రాసతో కూడిన చమత్కారమొకటి పలికింతురు. పైగా తాళమునకు సరిగా సంగీతము మ్రోగింతురు. కరుణము రావలసిన చోట హాస్యము కూర్చుండును. పెద్దలకు ఇది ఆటయని తెలియును. ఏడెనిమిదేండ్ల బాలునకు అంత స్పష్టముగ తెలియదు. వాడు నేర్చునది ఇది: వేషము వేసికొన్నవాడు కొట్టవచ్చును, గోడకు నిలబడినవాడు నవ్వులపాలు.

కావున తెర వెలుపలి ధర్మమును పిల్లలకు మనమే చెప్పవలెను. మన రాజ్యాంగము 22వ అధికరణము ప్రకారము, నిర్బంధింపబడినవానికి కారణము తెలుపవలెను. తాను కోరిన న్యాయవాదితో సంప్రదింపనీయవలెను. ప్రయాణకాలము మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. 1996లో డి. కె. బసు వ్యాజ్యమున సుప్రీంకోర్టు మరికొన్ని నియమములు విధించెను: నిర్బంధించు పోలీసులు తమ పేరు, హోదా స్పష్టముగ కనబడునట్లు ధరింపవలెను, నిర్బంధమునకు పత్రము వ్రాసి సాక్షిచేత సంతకము చేయింపవలెను, బంధువునకు తెలుపవలెను, కస్టడీలో నున్నంతకాలము 48 గంటల కొకసారి వైద్యపరీక్ష చేయింపవలెను. కొట్టి చెప్పించిన మాటకు విలువ లేకుండుటకై, పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారము చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే నిర్ణయించెను. 2024 జూలై 1న అమలునకు వచ్చిన కొత్త చట్టమును ఆ నియమమును నిలిపినది.

ఎంపిక భారమును ప్రభుత్వము మోయునని తలపరాదు. 'దబంగ్' చిత్రమునకే 58వ జాతీయ పురస్కారములలో ఆరోగ్యకరమైన వినోదము నిచ్చు ఉత్తమ ప్రజాదరణ చిత్రమను బహుమానము దక్కెను. 2023 నాటి చట్టసవరణతో సెన్సారు ధ్రువపత్రమున యూఏ తరగతిని 7, 13, 16 ఏండ్ల మెట్లుగ విభజించిరి. కాని ఈ గుర్తు తలిదండ్రులకు సూచన మాత్రమే. థియేటరు గుమ్మమువద్ద పిల్లవానిని ఆపువాడుండడు. ఆపవలసినవారమును, ప్రక్కన కూర్చుండి చెప్పవలసినవారమును మనమే.

మనకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి కలదు. మన పిల్లలకు వీధిలో తమిళము, పుస్తకములలో ఆంగ్లము. తెలుగు ఇంటిలోను, తెరమీదను మాత్రమే. థియేటరులో ప్రాసమాట పడినపుడు వారిని గమనింపుడు. భాష బాగుగా తెలిసినవాడు వెంటనే నవ్వును. తెలియనివాడు ప్రక్కవాని ముఖము చూచి, ఒక్క క్షణము ఆలస్యముగ నవ్వును. ఆ ఒక్క క్షణమే మన పాఠశాల పూడ్చవలసిన అగాధము. అంతటితో తీరదు. తెరమీది పలుకుబడియే సరియైన తెలుగని, అవ్వ మాటలాడునది తప్పు తెలుగని వారు భ్రమపడుదురు. తాతను సైతము నాయకుని ధోరణిలో 'ఏమిరా' యని పిలిచిన బాలుని మేమెరుగుదుము. తాత నవ్వి ఊరకుండెను. కాని ఆ సాయంకాలమంతయు ఆయన మనుమనితో తమిళముననే మాటలాడెను.

సినిమా చూడవలదని మేము చెప్పము. పరదేశమువలె తోచు ఊరిలో నిండు సభ నడుమ మన భాష వినబడుట చిన్న సంతోషము కాదు. చూచి వచ్చిన పిమ్మట మూడు ప్రశ్నలు అడుగుడని మాత్రమే మా మనవి: నీవెప్పుడు నవ్వితివి? అప్పుడు దెబ్బతిన్నవానికి ఏమైనది? ఆ మాటనే మన ఇంటిలో అవ్వ ఎట్లు అనును? పిల్లలు చెప్పు సమాధానములు మనలను ఆశ్చర్యపరచును.

ఇంటిలో పోలీసు ఆట ఆడునపుడు బెల్టు తీసివేసి, దొంగ వేషము వంతులవారీగ వేయింపుడు. అన్న ఒక్కసారి గోడకు నిలబడిన చాలును. తమ్ముడేల నవ్వలేదో ఎవరును వానికి వివరింపనక్కరలేదు.