బుల్లెట్టు మెడలో గుండ్లు

ఆదిలాబాద్ వైపు నుంచి నిర్మల్‌కు మహబూబ్ ఘాట్ దిగుతున్నప్పుడు, పాత బుల్లెట్టు ముందు బ్రేకు నొక్కగానే హ్యాండిల్ కింద 'టక్'మంటే బ్రేకును తిట్టి లాభం లేదు. కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే మెడలోని గుండ్లు, కప్పుల జత) వదులైంది. దిగుడులో బ్రేకు పడితే బండి బరువంతా ముందుకు తూలుతుంది. ఆ బరువును మోసేది ఫ్రేము మెడలో పైనొక వరుస, కిందొక వరుసగా ఉన్న చిన్న ఉక్కు గుండ్లే.

ముందు ఫోర్కుకు ఒకదానికొకటి పొసగని రెండు పనులున్నాయి: చక్రాన్ని తిప్పాలి, గుంతల్ని మింగాలి. పాతకాలపు గర్డర్ ఫోర్కులో స్ప్రింగు ఉండేది కానీ, దాని ఊపును ఆపడానికి రాపిడి బిళ్లలే దిక్కు. 1935లో బీఎమ్‌డబ్ల్యూ తన ఆర్12 బండికి ఒక గొట్టంలో మరొకటి జారే ఫోర్కును పెట్టి లోపల నూనె నింపింది. స్ప్రింగు దాచుకున్న శక్తి సన్నని సందుల్లోంచి దూరే నూనెలో వేడిగా మారిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక దాదాపు అందరూ అదే దారి పట్టారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు ఆ ఫోర్కుతోనే 1955లో మద్రాసు చేరింది. ఇంగ్లండులో కంపెనీ 1970లో మూతపడినా మద్రాసులో తయారీ ఆగలేదు.

మెడలో గుండ్లు మార్చడానికి విప్పిన ఫోర్కును తిరిగి కూర్చేటప్పుడు గ్రీజే మూడో చెయ్యి. కప్పు నిండా గ్రీజు పట్టించి గుండ్లను ఒక్కొక్కటే అతికించాలి. చుట్టూ పేర్చాక కొంచెం ఖాళీ మిగలాలి. ఖాళీ ఉంది కదా అని ఇంకో గుండు ఇరికిస్తే ఏదీ దొర్లదు, అన్నీ ఒరుసుకుంటాయి.

గుండ్లు మాత్రం కొత్తవి వేసి కప్పులు పాతవే ఉంచడం డబ్బు దండగ. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు రాజీవ్ రహదారి మీద పోతుంటే హ్యాండిల్ గంటల తరబడి దాదాపు కదలదు. ప్రతి కుదుపూ గుండ్లను కప్పులో అదే చోట నొక్కుతుంది. మధ్యనున్న గ్రీజు పక్కకు తప్పుకుని ఇనుము ఇనుమును కొరుకుతుంది, అక్కడ సన్నని గుంటలు పడతాయి. ఇక హ్యాండిల్ తిన్నగా ఉన్నచోటే పట్టేస్తుంది. కొత్త గుండ్లు కూడా పోయి ఆ గుంటల్లోనే కూర్చుంటాయి.

చప్పుడు పోవాలని పానాతో బలంగా బిగించడం ఇంకా చెడ్డది. రెండు చక్రాల బండి నిలబడేదే హ్యాండిల్ స్వేచ్ఛగా తిరగడం వల్ల: బండి ఎటు ఒరిగితే ముందు చక్రం అటు తిరిగి పడిపోకుండా కాస్తుంది. ఇది చక్రం గిరగిరా తిరగడం వల్లనా, హ్యాండిల్ ఇరుసు గీత నేలను తాకే చోటుకు వెనకగా చక్రం నేలను తాకడం వల్లనా అన్న వాదన చాలాకాలం నడిచింది. 2011లో డచ్చి, అమెరికన్ పరిశోధకులు ఆ రెండింటి ప్రభావమూ లేని సైకిల్ కట్టి చూపించారు. తోసి వదిలితే అదీ తనంతట తాను నిలబడి నడిచింది. అయితే అది కూడా ఒరిగిన వైపుకే తిరిగింది. మెడ బిగిసిన బుల్లెట్టుకు ఆ వీలు లేదు కాబట్టే సంతలో మెల్లగా నడిపితే వంకరలు పోతుంది.

సరైన బిగువు తెలియాలంటే ఇంజిన్ కింద చెక్కదిమ్మె పెట్టి ముందు చక్రాన్ని లేపాలి. వేలితో తాకితే హ్యాండిల్ తన బరువుకే పక్కకు వాలిపోవాలి. ఫోర్కు అడుగును పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే ఆట ఉండకూడదు.

చక్రం ఇరుసును పట్టే క్యాపుల నట్లను వెంటనే బిగించకూడదు. బండిని నేల మీద నిలిపి, హ్యాండిల్‌ను నాలుగైదుసార్లు అదిమి వదిలితే ఫోర్కు కాళ్లు రెండూ తమ దూరం తామే సర్దుకుంటాయి, అప్పుడు బిగించాలి. ముందే బిగిస్తే గొట్టాలు ఒకదాన్నొకటి పట్టేస్తాయి, ఆయిల్ సీళ్లు తొందరగా పోతాయి.

నూనె రెండు కాళ్లలోనూ సమానంగా పోయాలి. ఫోర్కు మెత్తగా ఉందని చిక్కటి ఆయిల్ పోసే అలవాటు ఒకటుంది. బొగ్గు లారీలు తిరిగే గోదావరిఖని రోడ్ల మీద దాని ఫలితం తెలుస్తుంది: ఫోర్కు పూర్తిగా పైకి లేచేలోపే తర్వాతి గుంత వచ్చేస్తుంది, వరసగా నాలుగు గుంతలు తగిలితే దెబ్బలన్నీ నేరుగా మణికట్టుకే.