పోడు సాగు నుండి నీడ తోటల వైపు – మన్యంలో భూసార పరిరక్షణ

పాడేరు: తూర్పు కనుమలలోని అల్లూరి సీతారామరాజు జిల్లా గిరిజనులకు పోడు వ్యవసాయం తరతరాల జీవనాధారం. కొండవాలుపై చెట్లు నరికి, ఎండిన పిదప కాల్చి, ఆ బూడిదే ఎరువుగా చోడి, సామ, కంది పండించడం ఈ సాగు పద్ధతి. రెండు మూడేళ్ళ సాగు తరువాత నేలను దీర్ఘకాలం బీడుగా విడిచిపెట్టినంత కాలం అడవి తిరిగి మొలచి, భూసారం కోలుకునేది. సాగు భూమిపై ఒత్తిడి పెరిగి ఈ విరామం తగ్గిపోయినచోట, కప్పులేని వాలుపై కురిసిన వాన పైమట్టిని గెడ్డలలోకి కొట్టుకుపోతుంది.

నీడలో కాఫీ

ఈ నష్టాన్ని అరికట్టడంలో నీడ తోటలు ప్రధానపాత్ర వహిస్తున్నాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్ల మొదళ్ళకు మిరియాల తీగలు పెంచుతారు. వేళ్ళు మట్టిని పట్టి ఉంచగా, రాలిన ఆకులు కుళ్ళి నేలకు బలమిస్తాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే కాఫీ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అంతవరకు కుటుంబాన్ని పోషించేవి చిరుధాన్యాలు, పప్పుధాన్యాలే కనుక వాటిని విడనాడరాదు. నీడకు పనస, మామిడి, నేరేడు వంటి చెట్లను కూడా ఉంచడం శ్రేయస్కరం.

ఇంత కాలం వేచి ఉండాలంటే భూమిపై భరోసా అవసరం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే సాగు హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరిట ఉంటుంది. ఈ హక్కు వారసులకు సంక్రమిస్తుంది, విక్రయానికి వీలులేదు.

నేలకు జీవం

200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుధాన్యపు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి తయారుచేసే ద్రవజీవామృతం నేలలోని సూక్ష్మజీవులను వృద్ధి చేస్తుంది. దీనితోపాటు ఎండుగడ్డి, ఆకులతో నేలను కప్పి ఉంచితే తేమ నిలిచి, వాన తాకిడి తగ్గుతుంది.

విద్యుత్ తీగ చేరని పల్లెలు

కొండలపై విడివిడిగా ఉన్న పల్లెలకు విద్యుత్ తీగలు వేయడం కష్టసాధ్యం. ఆదిమ గిరిజన తెగల కోసం 2023 నవంబరులో ప్రారంభమైన పి.ఎం. జన్‌మన్ పథకంలో ఇటువంటి ఇళ్ళకు 0.3 కిలోవాట్ల సౌర విద్యుత్ పరికరాలు సమకూర్చే ఏర్పాటు ఉంది. కాఫీకి మేలు చేసే నీడ సౌర ఫలకానికి పనికిరాదు. ఫలకంపై పడే కొమ్మలను తొలగించి, దానిని తరచు తుడుస్తూ ఉండాలి. కాలక్రమేణా బ్యాటరీ మార్పిడికి అయ్యే ఖర్చును కూడా ముందే సమకూర్చుకోవాలి.

కొండ ఊట వద్ద చిన్న తొట్టి కట్టి, గొట్టాల ద్వారా నీటిని పల్లెకు దింపితే మోటారు అవసరం ఉండదు. కానీ ఎగువ వాలు బోడిగా మారితే వాన నీరు ఇంకక వేసవిలో ఊట సన్నగిల్లుతుంది. అందువల్ల ఊటకు ఎగువన ఉన్న చెట్లను నరకకుండా గ్రామసభలు కట్టుబాటు చేసుకోవడం అత్యవసరం.